చలికాలం జెట్

మా ఇంట్లో మోటారుసైకిలు నడిపేది అన్నపూర్ణేశ్వరి. వెనక కూర్చునేవాణ్ణి నేను. ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఈ సంగతి తెలియని తెలుగువాళ్లు లేరు. పొద్దున్నే ఆమె చున్నీని నడుముకు బిగించి కట్టుకుని బుల్లెట్‌ను స్టాండు మీంచి దించేది. నేను టిఫిన్ డబ్బాలు ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కేవాణ్ణి. నన్ను మా ఆఫీసు గేటు దగ్గర దించి, తను సైన్సు ల్యాబు అసిస్టెంటుగా పనిచేసే బడికి వెళ్లేది. పక్క ఇంటి కమలాకుమారిగారు మొక్కలకు నీళ్లు పోస్తూ రోజూ ఏదో ఒక మాట విసిరేవారు.

“ఏమ్మా పూర్ణా, మీ ఆయన్ని బడిలో దింపడానికేనా?”

“అవును పిన్నిగారూ. డబ్బా కూడా కట్టిచ్చాను. ఏడవడు లెండి.”

“ఏడిస్తేనో?”

“ఫ్లైఓవర్ మీద కాస్త స్పీడు పెంచుతాను. ఏడుపు దానంతటదే ఆగిపోతుంది.”

నేను కూడా నవ్వేవాణ్ణి. ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో తెలుగు అనువాదకుణ్ణి నేను. మాటలతో తప్ప చేతులతో ఏ పనీ చేతకానివాణ్ణి. ఆ సంగతి పెళ్లైన మొదటి నెలలోనే పూర్ణకు అర్థమైపోయింది. అప్పట్నించీ మేకు కొట్టడం దగ్గర్నుంచి గ్యాసు స్టవ్వు విప్పడం దాకా అన్నీ ఆమె పనులే.

ఆమెది రేపల్లె. పొలాలకు నీళ్లు తోడే ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది మా మామగారికి. మగపిల్లలు లేరు. బడినించి వచ్చిన పిల్ల పుస్తకాల సంచీ పక్కన పడేసి ఆ షెడ్డులోనే ఆడుకునేది. ఇంజన్ల చప్పుళ్ల మధ్య పెరిగిన ఆ చెవి ఢిల్లీ వచ్చినా మారలేదు. నడిరోడ్డు మీద మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, దాటిపోయిన బండి వైపు తల వంచేది.

“పాపం, ఆకలి” అనేది. లేకపోతే, “అజీర్తి.”

ఆమె లెక్కలో ప్రపంచంలోని ఇంజన్లకున్న జబ్బులు ఆ రెండే. పెట్రోలు చాలకపోతే ఆకలి. ఎక్కువైతే అజీర్తి. ఆ రెంటికీ మధ్య నడిపించేది కార్బ్యురేటర్ అని, గాలీ పెట్రోలూ కలిసే చోటు అదేనని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నాకు అర్థం కావడానికి చివరికి వంటింట్లోకి తీసుకెళ్లింది. కిరసనాయిలు స్టవ్వు వెలిగించి చూపించింది. మంట నీలంగా ఉంటే గాలీ నూనే సరిగా కలిసినట్టు. పసుపుపచ్చగా ఎగిస్తే నూనె ఎక్కువైనట్టు, గిన్నెకి మసి. బండిలో ఆ మసి కనిపించేది స్పార్క్ ప్లగ్గు మీద. నల్లబడితే అజీర్తి. సున్నంలా తెల్లబడితే ఆకలి, దానితో ఇంజను కాలిపోయి బిగుసుకుపోతుంది కూడా.

“మరి సరిగ్గా ఉంటే?”

“కాఫీ రంగు. మన ఇంటి కాఫీ. మీ ఆఫీసు కాంటీన్లో కాఫీ కాదు.”

ఆ బుల్లెట్‌ను మా పై ఇంట్లో ఉన్న సుబేదారు రిటైరై ఊరికి పోతూ మాకు అమ్మాడు. కొనమన్నది పూర్ణే. మా స్నేహితుడు రామమూర్తిది వరంగల్లు. బండి చూడ్డానికి వచ్చి నా భుజం తట్టి, “ఏం సార్, ఇగ చీర గట్టుకొని ఎనక గూసుంటరా?” అన్నాడు. “చీర అయితే చక్రంలో పడుతుందండీ, ఆయనకి పంజాబీ డ్రెస్సు కుట్టిస్తున్నాను” అంది పూర్ణ, టీ ఇస్తూ. ఆ తర్వాత రామమూర్తి ఆ విషయంలో ఆమెతో పెట్టుకోలేదు.

బండికి ఢిల్లీ పడలేదు. అంటే, పూర్ణ చెప్పినట్టు, ఢిల్లీ గాలి పడలేదు. మా కోస్తాలో గాలి ఏడాదంతా ఇంచుమించు ఒకటే. ఇక్కడ మే నెలలో వడగాడ్పు, జనవరిలో గడ్డ కట్టించే పొగమంచు. ఎండాకాలపు గాలి నీళ్లమజ్జిగ అనేది ఆమె. చలికాలపు గాలి గడ్డపెరుగు. పెరుగు చిక్కగా ఉన్నప్పుడు అన్నం ఎక్కువ కలపాలి. అలాగే చలిగాలికి పెట్రోలు ఎక్కువ పడాలి. అందుకని రెండు జెట్లు తెచ్చింది. జెట్ అంటే గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సూది దూరేంత రంధ్రం. బండి నిదానంగా ఉన్నప్పుడూ, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడూ ఇంజనుకి పెట్రోలు ఆ రంధ్రంలోంచే అందుతుంది. చలికాలం జెట్‌కు రంధ్రం పెద్దది, వేసవి జెట్‌కు చిన్నది. దాని నెత్తిమీద కొట్టి ఉన్న అంకె చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

అలా మా ఇంట్లో ఎవరికీ లేని రెండు పండగలు వచ్చాయి. దీపావళి వెళ్లిన ఆదివారం చలికాలం జెట్. హోలీ వెళ్లిన ఆదివారం వేసవి జెట్. వరండాలో పాత పేపరు పరిచి, కార్బ్యురేటర్ విప్పి, కొత్త జెట్ బిగించి, పక్కనున్న గాలి స్క్రూను చెవితో వింటూ అటూ ఇటూ తిప్పేది. విప్పినదాన్ని పెట్రోలుతో కడిగి, వాళ్లమ్మ వాడిన పాత కుంకుమ భరిణెలో దాచేది. ఆ భరిణె దేవుడి గూట్లో ఒక మూల ఉండేది. ఇంట్లో ఎవరూ పారెయ్యని చోటు అదొక్కటేనట. తర్వాత ఇద్దరం మోతీబాగ్ దాకా ఒక చుట్టు తిరిగి వచ్చేవాళ్లం. రాగానే ప్లగ్గు విప్పి, గుడ్డతో పట్టుకుని, నా కళ్లముందు పెట్టేది.

“చూడండి. కాఫీ.”

నాకు ఆ రంగులో తేడాలు తెలిసేవి కావు. ఆమె ముఖం చూసి అవునవును అనేవాణ్ణి.

ఒక్క ఏడాది ఆ పండగ తప్పింది. మామగారు పోయి, పూర్ణ రేపల్లెలో ఉండిపోయింది. చలి ముదిరింది. నాకు బండి నడపడం అప్పటికి కొంచెం వచ్చు. తేజూని ట్యూషన్లో దింపాలని బుల్లెట్ తీశాను. తేజశ్రీ మా ఒక్కతే కూతురు. ఎన్ని కిక్కులు కొట్టానో. స్టార్ట్ అయినట్టే అయి, లోపల టపాకాయ పేలినట్టు టప్పుమని ఆగేది. చివరికి కిక్కు రాడ్డు ఎదురు తన్ని పిక్క వాచిపోయింది. ఫోను చేస్తే అంత దుఃఖంలోనూ నవ్వింది.

“దాన్ని తన్నకండి. అది ఆకలితో ఉంది. వేసవి జెట్‌తో ఈ చలిలో ఎలా లేస్తుంది? నేనొచ్చేదాకా పడుకోనివ్వండి.”

ఆమె వచ్చి జెట్ మార్చేదాకా ఆ బండి లేవలేదు.

రెండువేల ఆరు దీపావళి తర్వాత కూడా మామూలుగానే చలికాలం జెట్ వేసింది. ఆ నెలాఖరున కడుపులో నొప్పన్నది. పరీక్షలు, ఆపరేషను, మందులు. చలికాలమంతా ఆసుపత్రి వరండాల్లో గడిచింది. హోలీకి కొద్దిరోజుల ముందు డాక్టరు నన్నొక్కణ్ణే పక్కకు పిలిచాడు. జబ్బు కాలేయానికి పాకిందని, ఇక మందులు నొప్పి తగ్గించడానికేనని, వచ్చే చలికాలం చూస్తుందని చెప్పలేనని అన్నాడు.

మన ఇళ్లలో ఇలాంటిది రోగికి చెప్పరు. చెప్పాలా వద్దా అని నేను అడిగినవాళ్లెవరూ చెప్పమనలేదు. రామమూర్తి ఆసుపత్రి మెట్ల మీద నా చేతులు పట్టుకున్నాడు.

“చెప్పకుండ్రి సార్. చెప్తే ధైర్యం పోతది. మా అత్తమ్మకు గూడ చెప్పలే. నవ్వుకుంటనే పోయింది.”

తేజూ అప్పటికి గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తోంది. దానికి మాత్రం చెప్పాను. అది బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, “మమ్మా, డాక్టర్ బోలా సబ్ ఠీక్ హై. ఇన్ఫెక్షనే. దసరా తక్ ఫిట్!” అంది. అంతా బాగానే ఉందట, దసరాకల్లా కోలుకుంటుందట. తెలుగు అర్థమైనా దానికి హిందీయే వస్తుంది. అబద్ధమాడేటప్పుడు మరీనూ.

“అయితే దసరాకి సిమ్లా తీసుకెళ్లండి. నేనింతవరకూ కొండలు చూళ్లేదు” అంది పూర్ణ.

“బండి మీదే వెళ్దాం” అన్నాను నేను.

“అయితే కార్బ్యురేటర్లో సూది ఒక గాడి కిందికి దించాలి. కొండల మీద గాలి పలచన కదా, లేకపోతే అజీర్తి చేస్తుంది. తేజూ, నువ్వు నేర్చుకోవే, మీ నాన్నవల్ల కాదు.”

అది మంచం పక్కన కూర్చుని, గాడి అంటే ఏమిటో, సూది ఎక్కడుంటుందో శ్రద్ధగా అడిగి తెలుసుకుంది. పూర్ణ అగ్గిపుల్లతో చూపిస్తూ ఓపిగ్గా చెప్పింది. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం ఎంత బాగా నవ్వామో.

హోలీ వెళ్లిన ఆదివారం నేను మందుల కోసం వెళ్లి వచ్చేసరికి వరండాలో పేపరు పరిచి ఉంది. పెట్రోలు వాసన. స్క్రూడ్రైవర్లు వరసగా. పూర్ణ గోడకు ఆనుకుని కూర్చుని చేతులు తుడుచుకుంటోంది.

“నన్ను పిలవకూడదూ? నువ్వు చెప్తే నేను విప్పేవాణ్ణిగా.”

“మీరు విప్పితే మళ్లీ బిగించడానికి ఇంకో మనిషి కావాలి. అయిపోయిందిలెండి.”

మోతీబాగ్ దాకా చుట్టు తిరగలేదు. ప్లగ్గు తీసి చూపించలేదు. అలిసిపోయిందనుకున్నాను.

ఆ వేసవిలో ఆసుపత్రికి నేనే బండి నడిపాను. ఆటో కుదుపులకు కడుపులో తిప్పుతోందని, బండి మీదైతే మొహానికి గాలి తగులుతుందని తనే అడిగేది. ఇన్నేళ్లకు ఆమె వెనక, నేను ముందు. నా నడుము చుట్టూ చేయి వేసి, చెంప నా వీపుకి ఆనించేది. బండి మాత్రం బాగా లేదు. సిగ్నల్ దగ్గర ఆపి కదిలిస్తే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు తడబడేది. పొగ నల్లగా వచ్చేది.

“మందంగా ఉందేమిటి పూర్ణా?”

“ఎండలు కదండీ.”

మే నెలలో ఒకరోజు ఆసుపత్రినించి వస్తూ మునిర్కా దగ్గర ఆగిపోయింది. అక్కడ బల్‌జీత్ షెడ్డు ఉంది. పూర్ణ పనిముట్లూ విడిభాగాలూ కొనేది అతని దగ్గరే. ఆమెను నీడలో స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ప్లగ్గు విప్పాడు. బొగ్గులా ఉంది.

“ఆంటీజీ, యే తో పూరా కాలా హై. కార్బ్యురేటర్ ఖోల్ కే దేఖూఁ?” విప్పి చూడమంటారా అని.

“రహనే దో బేటా. చల్ రహా హై నా.”

ఉండనీ, నడుస్తోందిగా అంది. నల్లటి ప్లగ్గు చూస్తే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టే మనిషి! బల్‌జీత్ నా వైపు చూశాడు. నేను కళ్లతోనే వద్దన్నాను. ప్లగ్గు గీకి, తుడిచి బిగించి పంపాడు.

తేజూకి ఫోనులో చెప్పాను. అమ్మ చేతిలో పట్టు పోయిందే. స్క్రూ ఎక్కడో తప్పు బిగించింది, తెలిసి సిగ్గుపడుతోంది. మనం ఆ మాట ఎత్తొద్దు అని. అది సరేనంది. ఆ తర్వాత బండి ఎంత తడబడినా నేను నోరు మెదపలేదు. వెనకనించి ఆమె కూడా ఏమీ అనేది కాదు. రోడ్డు మీద పోయే ప్రతి బండికీ జబ్బు పేరు చెప్పే మనిషి, తన బండి కింద అంత దగ్గుతుంటే వింటూ కూర్చునేది.

శ్రావణమాసం వానల్లో పూర్ణ వెళ్లిపోయింది. చివరి వారం మాట్లాడలేకపోయింది. అంతకుముందు నాతో స్పష్టంగా అన్న ఆఖరి మాట సిమ్లా గురించే. “స్వెట్టర్లు పైన అటకమీద ఉన్నాయి” అంది.

దీపావళి వచ్చింది. దీపాలు పెట్టలేదు. పండగ వెళ్లిన ఆదివారం బండికి కప్పిన గుడ్డ తీసి, కార్బ్యురేటర్ దగ్గర కాసేపు కూర్చున్నాను. ఆమె చేతులు చివరిసారి చేసిన పని దాని లోపల ఉంది. బట్టలు తేజూ ఎవరికో ఇచ్చేసింది. దువ్వెనలో వెంట్రుకలు కూడా ఎవరో శుభ్రం చేశారు. ఆ స్క్రూ ఒక్కటే ఆమె ఆపిన చోట ఆగి ఉంది. జెట్ మార్చాలంటే దాన్ని తిప్పాలి. తప్పుగా బిగించిందే కావచ్చు. ఆ తప్పు నాకు కావాలి. గుడ్డ కప్పేశాను.

జనవరిలో ఒక ఆదివారం తేజూ వచ్చింది. పదిగంటలైనా పొగమంచు విడలేదు. వరండాలో టీ తాగుతూ బండి వైపు చూసింది.

“పాపా, బహుత్ హో గయా. ఇలా పెడితే ఖరాబ్ అయిపోతుంది. బల్‌జీత్ భయ్యాకి ఇద్దాం. వో ట్యూన్ కర్ దేగా.”

“వద్దమ్మా.”

“మమ్మా హోతీ తో డాంట్‌తీ ఆప్‌కో.”

అమ్మ ఉంటే తిట్టేది నిన్ను అంటోంది. నిజమే. తిట్టేది.

“ఈ చలిలో స్టార్ట్ కాదులే. లోపల వేసవి జెట్ ఉంది. అది మారిస్తే అమ్మ పెట్టింది పోతుంది.”

“ట్రై తో కరో. ఒక్కసారి. మైఁ భీ సున్‌నా చాహ్తీ హూఁ.”

తనకూ ఆ చప్పుడు వినాలనుంది అంటే ఇక కాదనలేకపోయాను. గుడ్డ తీశాను. పూర్ణ నేర్పినట్టు, చల్లటి ఇంజనుకి మొదట్లో పెట్రోలు కాస్త ఎక్కువ అందించే చోక్ మీట ఎత్తి, రాడ్డును నెమ్మదిగా గట్టిపడే చోటుదాకా తెచ్చి, నా పాత పిక్కనొప్పి గుర్తొచ్చి కళ్లు మూసుకుని, ఒక్క కిక్కు కొట్టాను.

లేచింది. టప్పుమనలేదు, దగ్గలేదు. కాసేపటికి చోక్ దించాను. అయినా ఆగలేదు. ఆ మంచులో డుగ్ డుగ్ మంటూ, ఇన్నాళ్లూ ఈ చలికోసమే కాచుకున్నట్టు నిబ్బరంగా నడుస్తోంది. తేజూ చప్పట్లు కొట్టింది. పక్కింట్లోంచి కమలాకుమారిగారు తలుపు తీసుకుని వచ్చి మా వైపు చూశారు. పూర్ణా అని పిలవబోయినట్టుగా నోరు తెరిచి, అలాగే ఉండిపోయారు.

“దేఖా? మమ్మానే గలత్ నహీఁ కియా థా!”

అమ్మ తప్పు చెయ్యలేదన్నమాట అని దాని సంబరం. నాకు సంబరం కలగలేదు. వేసవి జెట్‌తో చలిలో ఈ బండి లేవదు. అది నా పిక్కకు తెలుసు.

లోపలికి వెళ్లి దేవుడి గూట్లో పాత కుంకుమ భరిణె తీశాను. మూత బిగుసుకుపోయి ఉంది. చలికాలం జెట్ అందులో ఉండాలి. ఇత్తడి ముక్కను అరచేతిలో వేసుకుని, కిటికీ దగ్గరికి తెచ్చి అంకె చూశాను. చిన్న అంకె. వేసవి జెట్.

అంటే హోలీకి ఆమె ఏమీ మార్చలేదు. పేపరు పరిచింది. స్క్రూడ్రైవర్లు పేర్చింది. పెట్రోలు కాస్త ఒలికించింది. నేను రాగానే చేతులు తుడుచుకుంది. అంతే.

తేజూ నా వెనకే వచ్చింది. చెయ్యి చాపి చూపించాను. దానికి వెంటనే అర్థం కాలేదు. హిందీలో, తెలుగులో, తడుముకుంటూ చెప్పాను. దీపావళికి మార్చడానికి తను ఉండదని హోలీనాడే తెలిసినట్టుందమ్మా. నావల్ల కాదని కూడా తెలుసు. అందుకని చలికాలానిది అలాగే ఉంచేసింది. ఊరికే వదిలేస్తే ఎందుకని అడుగుతాను. అడిగితే తనకు తెలుసన్న సంగతి నాకు తెలిసిపోతుంది. అందుకని మార్చినట్టు నటించింది.

తేజూ మంచం మీద కూర్చుండిపోయింది.

“హోలీ సే? ఔర్ వో సిమ్లా? వో సూయీ?”

ఆ సూది. ఒక గాడి కిందికి దించాలని అగ్గిపుల్లతో చూపించిన మధ్యాహ్నం. మేమిద్దరం ఆమెను మోసం చేస్తున్నామనుకుని అంత బాగా నవ్విన మధ్యాహ్నం. ఆమె మా మొహాలు చూస్తూ, మా అబద్ధానికి సరిపడా పెట్రోలు కొలిచి పోసింది.

వెనక కూర్చుని ఆ దగ్గు వింటూ ఎన్నిసార్లు ఆసుపత్రికి వచ్చిందో. నల్లబడ్డ ప్లగ్గు చూసి చేతిలో పట్టు పోయిందని మేం జాలిపడుతుంటే, పడనిచ్చింది. ఇంక దేని గురించి ఏమన్నా సహించేది గానీ, తన చేతి పని గురించి ఒక్క మాట పడని మనిషి.

వరండాలో ఇంజను ఇంకా నడుస్తోంది. తేజూ కళ్లు తుడుచుకుని ఆపడానికి లేచింది. ఉండనీ అన్నాను. ఇద్దరం అలాగే విన్నాం. కాసేపటికి ట్యాంకులో మిగిలిన కాస్త పెట్రోలూ అయిపోయి దానంతటదే ఆగింది.

ఆ ఒక్క చలికాలం వరకే ఆమె ఏర్పాటు చేయగలిగింది. హోలీ వచ్చింది. ఇక ఉంచితే వేసవంతా మళ్లీ మసే. ఆదివారం వరండాలో పేపరు పరిచాను. తేజూ పట్టుకుంటే నేను విప్పాను. నేను మర్చిపోయింది అది చెప్పింది. జెట్ మార్చి, ఆమె ఆపిన చోటే ఉన్న గాలి స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించాను. తర్వాత తిప్పాను. ఒక పక్కకు తిప్పితే దగ్గింది, ఇంకోపక్కకు తిప్పితే నీరసపడింది. ఎప్పటికో ఒకచోట కుదురుకుంది.

మోతీబాగ్ దాకా నేనొక్కణ్ణే వెళ్లి వచ్చాను. వచ్చేసరికి తేజూ ఆఫీసు ఫోను వచ్చిందని లోపల మాట్లాడుతోంది. ప్లగ్గు విప్పి గుడ్డతో పట్టుకుని వెలుతురులో చూశాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ రంగు నాకు తెలిసింది. కాఫీ. మా ఇంటి కాఫీ.

ఎవరి కళ్లముందు పెట్టాలో తెలియక, అది చల్లారేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.